ఇత్తడి చెప్పే సాక్ష్యం

బ్రిటిష్ హయాంలో మన దేశంలోని కంటోన్మెంట్లలో వానాకాలం వస్తే తూటాలు వాటంతట అవే పగిలేవి. ఎవరూ పేల్చింది లేదు, కింద పడేసిందీ లేదు. గుర్రపుశాలల్లో పెట్టెల్లో దాచిన తూటాలను తీసి చూస్తే ఇత్తడి తొడుగు మీద, గుండును బిగించి పట్టుకునే మెడ దగ్గర సన్నని చీలికలు కనిపించేవి. ఎండాకాలంలో ఈ బెడద ఉండేది కాదు. ఒక రుతువులోనే వచ్చే జబ్బు కాబట్టి లోహశాస్త్రంలో దానికి ‘సీజన్ క్రాకింగ్’ అన్న పేరు స్థిరపడిపోయింది.

అసలు కారణాన్ని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు తేల్చి చెప్పారు. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమోనియా వానాకాలపు తేమలో కలిసి ఇత్తడి మీద చేరుతుంది. అయితే అమోనియా ఒక్కటే ఇత్తడిని చీల్చలేదు. తొడుగును తయారు చేసేటప్పుడు సాగదీసి, నొక్కి, గుండు చుట్టూ బిగించిన ఒత్తిడి ఆ లోహంలో అలాగే మిగిలి ఉంటుంది. పైకి ఏమీ కనిపించకపోయినా లోపల ప్రతి స్ఫటికమూ లాగి పట్టిన స్థితిలోనే ఉంటుంది. అమోనియా ఆ స్ఫటికాల హద్దుల్లోకి దారి చేసుకుంటుంది, లోపలి లాగుడు ఆ దారిని చీలికగా మారుస్తుంది. మందు కూడా వాళ్లే చెప్పారు. తొడుగును మెత్తబడనంత తక్కువ వేడిలో కాసేపు ఉంచితే లోపలి బిగువు సడలిపోతుంది, ఆ తరువాత అమోనియా తగిలినా చీలదు.

ఇత్తడికి జరిగింది ఇత్తడిలోనే నమోదై ఉంటుందన్న ఈ సంగతి మీదే ఒక ఇంటి పరిశ్రమ మొత్తం నడుస్తోంది. అమెరికాలో లక్షలాది మంది రైఫిల్ షూటర్లు, వేటగాళ్లు ఒకసారి పేల్చిన తొడుగులను ఏరి తెచ్చుకుని, ఇంటి గ్యారేజీలో బల్లకు బిగించిన చిన్న ప్రెస్ మీద మళ్లీ తూటాలుగా తయారు చేసుకుంటారు. దీన్ని రీలోడింగ్ అంటారు, హ్యాండ్‌లోడింగ్ అని కూడా అంటారు. ఆ పనిలో పొడవు, బరువు, మందం, వేగం అన్నీ ఇంట్లోనే కొలవవచ్చు. ప్రాణం మీదికి తెచ్చే రాశి ఒక్కటే కొలతకు అందదు. అది తొడుగు లోపల పుట్టే పీడనం. ఆ పీడనాన్ని కళ్లారా చూసిన సాక్షి ఇత్తడి ఒక్కటే. ఆ సాక్షి చెప్పేదాన్ని చదవడం రీలోడింగ్‌లో అసలు విద్య అని ఈ అధ్యాయం చెప్పదలచుకుంది.

రైఫిల్ తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి తొడుగు, దాని అడుగున మధ్యలో చిన్న గిన్నెలా కూర్చుని, సూది దెబ్బకు మంట పుట్టించే ప్రైమర్, లోపల తుపాకీ మందు, ముందు గుండు. అమెరికా సైన్యం 1906లో తీసుకున్న ‘థర్టీ-ఆట్-సిక్స్’ తూటానే ఉదాహరణగా చూద్దాం. దాని తొడుగు పొడవు 63 మిల్లీమీటర్ల పైచిలుకు, గుండు వ్యాసం 7.8 మిల్లీమీటర్లు. అమెరికా తయారీదారుల ప్రమాణాల సంస్థ సామీ ఈ తూటాకు ఒప్పుకున్న గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 60,000 పౌండ్లు. అంటే మనం పీల్చే గాలి పీడనానికి సుమారు నాలుగు వేల రెట్లు. సెకనులో వెయ్యో వంతు, కాస్త అటూ ఇటూగా, ఆ కథ మొత్తం అయిపోతుంది.

ఆ కాస్త సమయంలో ఇత్తడి చేసే పని ఆశ్చర్యం కలిగిస్తుంది. తూటా కూర్చునే తుపాకీ చాంబర్ కన్నా తొడుగు కొద్దిగా సన్నగా ఉంటుంది, లేకపోతే లోపలికి వెళ్లదు. మందు మండగానే పీడనం దాన్ని వెలుపలికి ఉబ్బించి చాంబర్ గోడకు అతికిస్తుంది. దాంతో వెనక్కి ఒక్క చుక్క వాయువు కూడా రాదు. గుండు బ్యారెల్ దాటి, పీడనం పడిపోయిన వెంటనే ఉక్కు చాంబర్ తన పాత కొలతకు వచ్చేస్తుంది. ఇత్తడి కూడా వెనక్కి వస్తుంది, కాకపోతే ఉక్కు కన్నా కాస్త ఎక్కువ వస్తుంది. అదే బలానికి ఇత్తడి ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది, వదిలితే అంతే ఎక్కువగా వెనక్కి లాక్కుంటుంది. ఆ తేడా వల్ల తొడుగుకు, గోడకు మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఏర్పడి, చాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్ట్ లాగగానే తొడుగు సులువుగా బయటికి వస్తుంది. వంద పాళ్లలో 70 రాగి, 30 జింకు కలిపిన మిశ్రమం ఈ పనికి ఎంత బాగా కుదిరిందంటే, దానికి ‘కార్ట్రిడ్జ్ బ్రాస్’ అనే పేరే పడింది.

అయితే తొడుగు అంతా ఒకే గట్టిదనంతో ఉండకూడదు. అడుగు భాగం గట్టిగా ఉండాలి, ఎందుకంటే ప్రైమర్‌ను పట్టుకునేదీ, బోల్ట్‌కు ఆనుకుని వెనకకు తన్నే బలాన్ని భరించేదీ అదే. మెడ మెత్తగా ఉండాలి, ఎందుకంటే అది ప్రతిసారీ ఉబ్బాలి, మళ్లీ కుదించుకోవాలి. ఇత్తడిని కొట్టినా నొక్కినా సాగదీసినా అది గట్టిపడుతూ పోతుంది, చివరికి పెళుసుబారి చీలుతుంది. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు తీర్చే కళాకారులకు ఇది చేతి అనుభవం. కొంతసేపు సుత్తితో కొట్టగానే రేకు మొండికేస్తుంది, దాన్ని మంటలో కాచి మెత్తబరిచి మళ్లీ కొట్టాలి. తూటా ఫ్యాక్టరీలో కూడా గుండ్రటి బిళ్లను మొదట గిన్నెగా, తరువాత పొడవాటి గొట్టంగా లాగేటప్పుడు మధ్యమధ్య ఇలాగే కాచుతారు. చివర్లో మెడను మాత్రం మరోసారి వేడి చేస్తారు. సైనిక తూటాల మెడ దగ్గర కనిపించే నీలిరంగు మరక ఆ వేడి గుర్తే. దుకాణాల్లో అమ్మే తూటాలకు దాన్ని తుడిచి మెరుగు పెడతారు.

ప్రెస్ దగ్గరికి వద్దాం.

పొగరాని తుపాకీ మందు రాకముందే రీలోడింగ్ పరికరాలు ఇళ్లలోకి వచ్చాయి. కనెక్టికట్ రాష్ట్రం న్యూ హేవెన్‌లో జాన్ బార్లో 1884లో ఐడియల్ అనే సంస్థ పెట్టి, పట్టకారులాంటి పరికరాన్ని అమ్మాడు. గుర్రం మీద తిరిగే వేటగాడు జీను సంచిలో పెట్టుకోగలిగేది అది. దాంతో మెడను నొక్కడం, గుండు కూర్చోబెట్టడం చెయ్యొచ్చు గానీ, ఉబ్బిన తొడుగు మొత్తాన్ని పాత కొలతకు తేవడానికి చేతి పట్టు బలం చాలదు. అందుకే బల్లకు బిగించే ప్రెస్ వచ్చింది. ఇంగ్లిష్ ‘ఓ’ అక్షరం ఆకారంలో పోతపోసిన ఇనుప చట్రం, కింది నుంచి పైకి కదిలే లావాటి కడ్డీ, పక్కన పొడవాటి మీట. కడ్డీ మీద తొడుగు అడుగును పట్టుకునే చిన్న పీట ఉంటుంది. పైన మరలో బిగించే ఉక్కు అచ్చును డై అంటారు. ఆ మర వ్యాసం అంగుళంలో 8కి 7 వంతులు, అంగుళానికి 14 చుట్లు. అమెరికాలో ఏ సంస్థ డై అయినా దాదాపు ఏ ప్రెస్‌లోనైనా పట్టడానికి ఈ ఒక్క ఒప్పందమే కారణం. వినియోగదారుడికి ఇంతటి మేలు చేసిన ప్రమాణాలు అరుదు.

మీట కింద లింకుల అమరికలో ఒక చక్కటి యాంత్రిక సూత్రం ఉంది. రెండు లింకులు వంగి ఉన్నప్పుడు మీట కొద్దిగా కదిలినా కడ్డీ చాలా దూరం పోతుంది, కానీ బలం తక్కువ. లింకులు ఒకే గీతలోకి వస్తున్నకొద్దీ కడ్డీ కదలిక తగ్గుతూ, బలం అనేక రెట్లు పెరుగుతూ పోతుంది. పని కూడా సరిగ్గా అలాగే నడుస్తుంది. తొడుగు డైలోకి ప్రవేశించేటప్పుడు ఆటంకం ఉండదు, లావుగా ఉన్న అడుగు భాగం గోడకు తగిలే చివరి సెంటీమీటరులోనే అసలు బలం కావాలి. ఒక మోస్తరు ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి ఒంటి చేత్తో ఇత్తడిని చల్లగా ఉండగానే కొత్త ఆకారంలోకి నొక్కగలగడం ఈ లింకుల పుణ్యమే.

ఈ ప్రెస్‌ల చరిత్రలో రెండో ప్రపంచ యుద్ధ కాలం చాలా ఆసక్తికరంగా ఉంటుంది. కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ అనే ఆయన 1943లో తన తండ్రి లాండ్రీ వెనక గదిలో డైలు చెయ్యడం మొదలుపెట్టాడు. యుద్ధం వల్ల గుండ్లు దొరకడం లేదు. పేల్చి పారేసిన .22 తూటాల తొడుగుల్లో సీసం పోసి, నొక్కి, చిన్న గుండ్లు చేసే డై అది. ఆ గుండ్లు అక్కడి రాక్ చక్ అనే జంతువు వేటకు పనికొచ్చేవి కాబట్టి ‘రాక్ చక్ బుల్లెట్ స్వేజ్’ అని పేరు పెట్టాడు. దాని పొడి అక్షరాలే ఆర్‌సీబీఎస్. ఈనాటికీ రీలోడింగ్ ప్రెస్ అనగానే ముందుగా వినిపించే పేర్లలో అదొకటి. యుద్ధం ముగిశాక మరో మలుపు వచ్చింది. కేన్సస్‌లో బ్రూస్ హాడ్జ్‌డన్ అనే ఆయన ప్రభుత్వం వదిలించుకుంటున్న మిగులు మందును పెద్ద మొత్తంలో కొని, పాత రైలు పెట్టెలో నిల్వ చేసి, పీపాల లెక్కన టపాలో అమ్మాడు. 4895 అనే నంబరున్న ఆ మందు థర్టీ-ఆట్-సిక్స్ సైనిక తూటాల కోసం చేసినదే. నెబ్రాస్కాలో జాయిస్ హార్నడీ 1949లో గుండ్ల తయారీ మొదలుపెట్టాడు. మందు, గుండు, డై మూడూ సామాన్యుడికి చవకగా అందడంతో గ్యారేజీ బల్లలు నిండిపోయాయి.

ఇప్పుడు ఒక్క తొడుగును చేతిలోకి తీసుకుని చూద్దాం. పేల్చిన తరువాత దాని మెడ మసిబారి ఉంటుంది, ప్రైమర్ నడుమ సూది పోటు గుంట ఉంటుంది. ముందు శుభ్రం చెయ్యాలి. ఇక్కడే పాత కంటోన్మెంట్ పాఠం పనికొస్తుంది. అమోనియా ఉన్న ఇత్తడి పాలిష్ వాడకూడదు, అది చీలికలకు దారి తీయొచ్చు. చాలామంది పలచటి సిట్రిక్ ఆసిడ్ నీళ్లలో వేసి తీస్తారు. మన ఇళ్లలో ఇత్తడి బిందెను చింతపండుతో తోమడంలోనూ ఉన్నది అదే రసాయన శాస్త్రం, బలహీనమైన సేంద్రియ ఆమ్లం పైనున్న ఆక్సైడును కరిగిస్తుంది, లోహాన్ని పెద్దగా ముట్టుకోదు. పొడి పద్ధతిలో మొక్కజొన్న కండెల రవ్వలో వేసి గిరగిరా తిప్పుతారు. ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది కాబట్టి ఆ రవ్వ దుమ్ము పీల్చడం మంచిది కాదు. పిల్లలున్న ఇంట్లో వంటగది బల్ల మీద ఈ పని చెయ్యనే కూడదు.

తరువాత తొడుగుకు పలచగా జిడ్డు పట్టించి డైలోకి నొక్కుతారు. జిడ్డు మరిచిపోతే ఇత్తడి ఉక్కుకు కరుచుకుని, డైలో ఇరుక్కుపోతుంది, అడుగును చీల్చుకుని పీట మాత్రం కిందికి వస్తుంది. జిడ్డు ఎక్కువైతే అది భుజం దగ్గర, అంటే మెడ కింద తొడుగు వెడల్పయ్యే చోట చేరి సొట్టలు పెడుతుంది. సరిగ్గా ఉన్నప్పుడు మీట మీద ఉన్న చేతికి ఒక మెత్తటి, ఎడతెగని అడ్డు తగులుతూ, చివర్లో కాస్త బిగిసి ఆగుతుంది. అదే కదలికలో డై మధ్యనున్న సన్నని సూది పాత ప్రైమర్‌ను కిందికి తోసేస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు చిన్న ఉక్కు గోళం మెడ లోపలి వ్యాసాన్ని సరిచేస్తుంది.

ఎంత నొక్కాలన్నది ఇక్కడ ప్రాణసంకటమైన ప్రశ్న. థర్టీ-ఆట్-సిక్స్ లాంటి తూటా చాంబర్‌లో నిలిచేది భుజం ఆనడం వల్లే. డైని మరీ కిందికి బిగిస్తే భుజం అవసరానికి మించి వెనక్కి పోతుంది. అప్పుడు పేల్చగానే ఏం జరుగుతుంది? ముందు భాగపు పలచటి గోడ పీడనానికి చాంబర్‌కు అతుక్కుని కదలదు. గట్టి అడుగు మాత్రం బోల్ట్ వైపు వెనక్కి పోతుంది. ఈ రెంటి మధ్య, అడుగుకు కాస్త పైన, పలచటి గోడ మందపాటి అడుగుతో కలిసే చోట ఇత్తడి సాగుతుంది. ప్రతిసారీ అదే చోట సాగితే లోపల ఒక గాడి పడుతుంది, ఒకరోజు తొడుగు అక్కడే రెండు ముక్కలవుతుంది. వేల వాతావరణాల పీడనంలో ఉన్న వాయువు షూటర్ ముఖం ఉన్న వైపుకు దారి వెతుక్కుంటుంది. అందుకే అనుభవజ్ఞులు పేల్చిన తొడుగు భుజం ఎత్తును గేజితో కొలిచి, దానికన్నా అంగుళంలో వెయ్యో వంతో, రెండు వెయ్యో వంతులో మాత్రమే వెనక్కి నెడతారు. మిల్లీమీటర్లలో అది 0.025 నుంచి 0.05.

ఈ జబ్బును ముందే పట్టుకోవడానికి ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు. ఒక పేపర్ క్లిప్పును చాపి, కొసను చిన్న కొక్కెంలా వంచి, తొడుగు లోపల అడుగు నుంచి పైకి గోడ వెంట నెమ్మదిగా లాగుతారు. నున్నగా జారితే మంచిది. ఎక్కడైనా చిన్న పల్లంలో పడి ఆగినట్టు వేలికి తగిలితే ఆ తొడుగు పని అయిపోయినట్టే. బయట అదే ఎత్తులో చుట్టూ మెరిసే ఉంగరంలాంటి గీత కూడా కనిపించవచ్చు. కంటికన్నా ఈ తీగ ముందే చెబుతుంది. ఇరవై పైసల విలువ కూడా చేయని సాధనం ఒక మనిషి చూపును కాపాడగలదు.

సాగిన ఇత్తడి ముందుకు పాకుతుంది కూడా. తొడుగు పొడవు 2.494 అంగుళాలు దాటకూడదని ప్రమాణం. దాటితే మెడ కొస చాంబర్ చివరన నలిగి, గుండును వదలకుండా పట్టుకుంటుంది. గుండు కదలడం ఆలస్యమైతే మందు మూసిన గదిలో మండినట్టవుతుంది. అందుకే కొసను కోసి సరిచేస్తారు. కొన్ని పేల్చుళ్ల తరువాత మెడ గట్టిపడి చీలడం మొదలైతే, ఫ్యాక్టరీలో చేసినట్టే దాన్ని కాచి మెత్తబరుస్తారు. పాత పద్ధతిలో తొడుగులను పళ్లెంలో నీళ్ల మధ్య నిలబెట్టి మెడలకు మాత్రమే మంట చూపిస్తారు, ఇప్పుడు విద్యుత్ ప్రేరణతో సెకన్ల లెక్కన వేడి చేసే యంత్రాలు వచ్చాయి. నీళ్ల ఉద్దేశం ఒక్కటే, అడుగు భాగం వేడెక్కకూడదు. ఒకసారి మెత్తబడిన అడుగును ఇంట్లో మళ్లీ గట్టి చేసే మార్గం లేదు, అలాంటి తొడుగు పీడనం కింద నిలవదు.

మందు సంగతి వేరే ప్రపంచం. బ్లాక్ పౌడర్ అనే పాత నల్లమందు పేలితే అందులో సగానికి పైగా ఘనపదార్థంగా, మసిగా, పొగగా మిగిలేది. ఫ్రాన్స్‌లో పాల్ వియెల్ 1884లో నైట్రోసెల్యులోజ్‌ను జిగురులా కలిపి, రేకుగా సాచి, ముక్కలు చేసి పొగరాని మందును తయారు చేశాడు. 1886లో వచ్చిన లెబెల్ రైఫిల్ దాన్ని మొదట వాడుకుంది. బరువుకు బరువు దాని శక్తి నల్లమందుకు సుమారు మూడు రెట్లు. నల్లమందు కాలంలో తొడుగు నిండా పోసి గుండు పెట్టడం మామూలు, అది పెద్దగా తప్పు కూడా కాదు. కొత్త మందుతో అదే అలవాటు కొనసాగించిన తుపాకులు బద్దలయ్యాయి. బ్రిటన్ తన వంతుగా 1889లో కార్డైట్ రూపొందించింది, ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నీలగిరుల్లో, అరువంకాడులో దాని కోసం ఫ్యాక్టరీ కట్టింది. ఆ ఫ్యాక్టరీ ఇప్పటికీ నడుస్తోంది.

పొగరాని మందు గింజ ఉపరితలం మీదే మండుతుంది, పొర తరువాత పొర. చుట్టూ పీడనం పెరిగితే మండే వేగమూ పెరుగుతుంది, వేగం పెరిగితే వాయువు ఎక్కువై పీడనం ఇంకా పెరుగుతుంది. ఈ వలయాన్ని అదుపులో ఉంచేది గింజ ఆకారం, దాని పైపూత, తొడుగులో ఉన్న ఖాళీ, గుండు బరువు. ఒక్కటి మారినా లెక్క మారుతుంది. గుండును రెండు మిల్లీమీటర్లు లోతుగా కూర్చోబెట్టినా, బ్యారెల్ లోపలి గాళ్లకు తగిలేంత ముందుకు పెట్టినా పీడనం మారుతుంది. పీడనం పెరుగుదల మందు బరువుకు అనుపాతంలో ఉండదు, దానికన్నా వేగంగా ఎక్కుతుంది. చేయి తిరిగిన రీలోడర్లు బల్ల మీద ఎప్పుడూ ఒకే మందు డబ్బా ఉంచడం ఛాదస్తం కాదు. పిస్టల్ కోసం చేసిన, త్వరగా మండే మందును రైఫిల్ తొడుగులో పోస్తే గుండు కదలకముందే పీడనం శిఖరానికి చేరుతుంది. అసలు మందే పడకపోతే మరో ప్రమాదం. ప్రైమర్ ఒక్కటే గుండును బ్యారెల్‌లోకి నెట్టి వదిలేస్తుంది, శబ్దం సన్నగా వస్తుంది. అది గమనించకుండా రెండోది పేలిస్తే బ్యారెల్ ఉబ్బిపోతుంది లేదా చీలుతుంది. అందుకే గుండ్లు పెట్టకముందు తొడుగులన్నింటినీ చెక్క దిమ్మెలో వరసగా నిలబెట్టి, టార్చి వేసి, మందు ఎత్తు అన్నింటిలో సమానంగా ఉందో లేదో చూస్తారు.

మందును కొలిచేది గ్రెయిన్లలో, పౌండుకు 7,000. గ్రెయిన్‌లో పదో వంతు అంటే ఆరున్నర మిల్లీగ్రాములు. ఆ తేడాను పట్టుకునే త్రాసు ఇప్పుడు మామూలు ఇళ్లలోనే ఉంది. వేగం కొలిచే విద్య ఇంకా పాతది. బెంజమిన్ రాబిన్స్ 1742లో వేలాడే బరువైన దిమ్మె మీదికి గుండు పేల్చి, అది ఎంత ఊగిందో చూసి గుండు వేగాన్ని లెక్కగట్టాడు. ఆయనే తరువాత ఈస్టిండియా కంపెనీ కోటల పనికి మన తీరానికి వచ్చి, 1751లో కడలూరు దగ్గరి ఫోర్ట్ సెయింట్ డేవిడ్‌లో మరణించాడు. ఈనాటి షూటర్ దోసెడంత డాప్లర్ రాడార్‌ను బల్ల మీద పెట్టుకుని ప్రతి గుండు వేగాన్నీ ఫోన్‌లో చూసుకుంటున్నాడు.

పీడనం దగ్గరికి వచ్చేసరికి ఇల్లు చేతులెత్తేస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ఆండ్రూ నోబుల్ తుపాకీ గోడకు రంధ్రం చేసి, అందులో చిన్న రాగి దిమ్మెను ఉంచి, అది ఎంత నలిగిందో చూసి పీడనాన్ని అంచనా వేశాడు. దాదాపు నూరేళ్లు ప్రపంచం ఆ రాగి దిమ్మె మాటనే నమ్మింది. కానీ రాగి నలగడానికి కాస్త సమయం తీసుకుంటుంది, అంతలో శిఖరం దాటిపోతుంది. క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టిన పీజో విద్యుత్ స్ఫటికాలు వాడుకలోకి వచ్చాక అసలు శిఖరం కనిపించింది. థర్టీ-ఆట్-సిక్స్‌కు రాగి చెప్పిన హద్దు 50,000, స్ఫటికం చెప్పిన హద్దు 60,000. తూటా అదే, మందు అదే, సాక్షి మారాడంతే. రాగి అబద్ధం చెప్పలేదు, మెల్లగా చూసింది.

గ్యారేజీలో ఉన్న ఇత్తడి తొడుగు కూడా అలాంటి సాక్షే, దానికన్నా మందకొడి సాక్షి. ప్రైమర్ అంచులు చదునుగా పరుచుకోవడం, అడుగున బోల్ట్ రంధ్రం గుర్తు మెరుస్తూ అచ్చు పడటం, బోల్ట్ ఎత్తడం బరువెక్కడం, ప్రైమర్ కూర్చునే గుంట వదులవడం, ఇవన్నీ పీడనం ఎక్కువైందని చెప్పే గుర్తులు. చిక్కేమిటంటే ఇవి కనిపించేసరికి పీడనం చాలాసార్లు హద్దు దాటే ఉంటుంది, ఒక్కోసారి హద్దు దాటినా ఏ గుర్తూ కనిపించదు. అందువల్ల ఇంట్లో చేసేవాడికి ఉన్న ఏకైక ఆధారం, స్ఫటికాలు బిగించిన పరీక్ష బ్యారెళ్లలో కొలిచి ప్రచురించిన పట్టికలు. అక్కడ ఇచ్చిన మందు, గుండు, తొడుగు, ప్రైమర్ మార్చకుండా, కింది అంకె నుంచి మొదలుపెట్టడం తప్ప దగ్గరి దారి లేదు. ఎవరో స్నేహితుడు చెప్పిన కొలతను నమ్మి ముందుకు పోవడం కళ్లకు గంతలు కట్టుకుని నడవడమే.

ఖచ్చితత్వం మోజు ఇక్కడి నుంచే మొదలవుతుంది. రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే అమెరికా బెంచ్‌రెస్ట్ పోటీల్లో 1973లో మాక్ మెక్‌మిలన్ 100 గజాల దూరంలో ఐదు గుండ్లను, కేంద్రం నుంచి కేంద్రానికి లెక్కిస్తే 0.009 అంగుళం వెడల్పులో దింపాడు. నలభై ఏళ్ల పాటు ఆ రికార్డు చెక్కుచెదరలేదు. ఆ పోటీల్లో చాలామంది తూటాలను మైదానంలోనే, రౌండుకూ రౌండుకూ మధ్య, చేతి ప్రెస్ మీద నింపుకుంటారు. కొద్దిపాటి తొడుగులనే రోజంతా తిప్పితిప్పి వాడతారు. ఒకే తొడుగు, ఒకే చాంబర్, ఒకే చెయ్యి, దీనికి ఏ ఫ్యాక్టరీ సాటి రాలేదు.

కానీ ఈ మోజులో గణితం ఎక్కువ మందిని మోసం చేస్తుంది. ఐదు గుండ్లు పేల్చి, వేగాల ప్రామాణిక విచలనం సెకనుకు 10 అడుగులు వచ్చిందని సంబరపడేవారు కోకొల్లలు. ఐదు నమూనాల నుంచి తేలే నిజమైన విచలనం, నూటికి 95 పాళ్ల నమ్మకంతో చెప్పాలంటే, 6 నుంచి 29 అడుగుల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ముప్పై పేలిస్తే ఆ పరిధి 8 నుంచి 13న్నరకు కుదించుకుంటుంది. అంటే మందు పదో వంతు గ్రెయిన్ మార్చి మూడేసి గుండ్లు పేల్చి, ‘ఇదే నా రైఫిల్‌కు నచ్చిన లోడు’ అని నిర్ణయించుకోవడంలో చాలా భాగం కాకతాళీయమే. ప్రెస్ మీద వేల గంటలు గడిపినవారికి ఇది చేదుగా ఉంటుంది గానీ, కొలత ముందు అనుభవం తలవంచక తప్పదు.

నిల్వ గురించి రెండు మాటలు. పొగరాని మందు బయట గాలిలో అంటుకుంటే ఉవ్వెత్తున మండుతుంది గానీ సాధారణంగా పేలదు. గట్టి డబ్బాలో బంధిస్తే మాత్రం పేలుతుంది. అందుకే అమెరికా అగ్నిమాపక ప్రమాణాలు ఇళ్లలో 20 పౌండ్ల వరకు మందును తయారీదారు ఇచ్చిన పలచటి అసలు డబ్బాల్లోనే ఉంచాలంటాయి. ప్రైమర్లు ఇంకా సున్నితం. ఒక్కొక్కదాన్ని వేరుచేసే ట్రేలలో అమ్మడం వెనక కారణం, ఒకటి పేలితే పక్కవి పేలకుండా ఉండటం. వాటన్నింటినీ ఒకే సీసాలో కలిపి పోయడం ఈ పనిలో అతి పెద్ద తప్పుల్లో ఒకటి.

అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మాలంటే కావాలి. మన దేశంలో పరిస్థితి పూర్తిగా వేరు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మందుగుండు తయారీకి లైసెన్సు తప్పనిసరి, తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఇంట్లో తూటాలు చేసుకునే హక్కు రాదు. అందువల్ల తెలుగు నేల మీది రైఫిల్ షూటర్లకు ప్రెస్ ముఖం తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. దానికి మించి, వారి పోటీల తూటాలకు ప్రెస్ పనికే రాదు. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో, అందులో మందే ఉండదు. ఒలింపిక్ 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో వాడే .22 తూటాకు విడి ప్రైమర్ ఉండదు. అడుగు అంచు లోపలి మడతలో ప్రైమర్ మిశ్రమాన్ని గిర్రున తిప్పి నింపుతారు, సూది ఆ అంచును నలిపేస్తుంది. ఒకసారి నలిగిన అంచును మళ్లీ నింపి వాడే వీలు ఆ తూటాకు లేదు. కాబట్టి ఆ షూటర్లు తూటాను తమ రైఫిల్‌కు తగ్గట్టు మార్చుకోరు, తమ రైఫిల్‌కు తగిన తూటాను వెతుక్కుంటారు. తయారీ సంస్థల పరీక్ష కేంద్రాలకు తమ బ్యారెల్‌ను తీసుకుపోయి, దిమ్మెకు బిగించి, ఒక్కో లాట్ నుంచి, అంటే ఒకే విడతలో తయారైన తూటాల నుంచి వరసగా పేల్చి చూస్తారు. ఏ లాట్ గుంపు బిగువుగా వస్తే ఆ లాట్ పెట్టెలే సీజన్ మొత్తానికి సరిపడా కొనుక్కుంటారు.